ఐదు గంటల గీత

“ఆ పిల్లకి చెప్పు, ఆ ముక్కకి వెన్న చాలని,” అంది మా అత్తయ్య తన కాఫీ కప్పుతో.

కప్పుతోనే. ఆ బల్ల దగ్గర మేమిద్దరం తప్ప మరో మనిషి లేడు. అమరిల్లోలో నేను గీత తప్పినప్పటి నుంచీ, అంటే రెండు రోజులుగా, ఆవిడ నాతో నేరుగా మాట్లాడడం మానేసింది. విమానంలో ఏదైనా చెప్పక తప్పకపోతే దారి పటం అంచున పెన్సిలుతో రాసి నా ఒళ్లో పడేస్తుంది. నేల మీద ఉంటే కప్పులతో, తలుపులతో, విమానం చక్రాలతో మాట్లాడుతుంది.

“రొట్టె నాది, వెన్న నాది,” అన్నాను నేను కూడా ఆ కప్పుతోనే.

“విన్నావా? తప్పు చేసినవాళ్లకి పొగరొకటి.”

తప్పు నాదే. కాదని నేనెప్పుడూ అనలేదు. ఈ ఆడవాళ్ల విమాన పందెంలో ప్రతి మజిలీ దగ్గరా మైదానానికి అడ్డంగా పొడుగాటి తెల్లగుడ్డ పరుస్తారు. దాని చివర స్టాప్‌వాచీలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నిలబడతారు. వాళ్లకి కుడివైపుగా, ఆ గుడ్డ మీదుగా, పూర్తి వేగంతో దూసుకుపోవాలి. నేను ఎడమవైపుగా పోయాను. మళ్లీ చుట్టు తిరిగి వచ్చేసరికి నాలుగు నిమిషాలు గాలికి పోయాయి. ఆ రోజు నుంచి నన్ను విమానం నడపనివ్వలేదు సరికదా, నడిపే పిడిని తుడవనివ్వడం కూడా మానేసింది.

ఇవాళ నాలుగో రోజు, చివరి రోజు. కాలిఫోర్నియా తీరంలో బయల్దేరి ఒహాయో దాకా వచ్చాం. జేన్స్‌విల్ మైదానంలో ఈ ఫలహారశాల. ఇక్కడి నుంచి అట్లాంటిక్ సిటీకి ఒకే ఒక్క దూకు, మూడు వందల తొంభై మైళ్లు. సాయంత్రం ఐదింటిలోపు అక్కడి గీత దాటాలి. మొత్తం అరవై ఒక్క విమానాల్లో యాభై తొమ్మిది పొద్దున్నే ఎగిరిపోయాయి. ఒకటి చక్రం విరిగి మూల పడుంది. మిగిలింది మేమే.

బయట ట్రక్కు తలుపు ధడాలున పడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. అత్తయ్యకి ఇంకా బాగా తెలుసు. కప్పు కింద పెట్టింది.

“వచ్చాడు,” అంది. ఎవరితో అందో తెలియదు.

మా మామయ్య స్టెఫన్ కొవాలిక్ తలుపు తోసుకుని వచ్చాడు. పెన్సిల్వేనియాలో ముప్పై ఆవుల పాడి మాది. తెల్లవారకముందే పాలు పిండేసి, కాళ్లకి పేడ అంటిన బూట్లతోనే, వంద మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ వచ్చాడు. వెనకాలే నా మొగుడు ఎమిల్, చేతిలో తువ్వాలు మూట, నన్ను చూసి నవ్వాలా వద్దా తేల్చుకోలేని మొహం.

“అందరూ పోయారు. నువ్వేమో తీరిగ్గా రొట్టెలు తింటున్నావు,” అన్నాడు మామయ్య.

“గాలి కోసం ఆగాను,” అంది అత్తయ్య.

“బాగుంది. నువ్వు గాలి కోసం ఆగావు, అక్కడ నా గడ్డి కోసం వాన ఆగలేదు. మంగళవారం రెండో కోతంతా తడిసిపోయింది వెరొనా.”

“కొట్టం ఖాళీగానే ఉందిగా! విమానం నా దగ్గరుంటే లోపల పెట్టుకోవడానికి నీకేం అడ్డం?”

“మాటిచ్చాను కదే! పందెం తేలేదాకా కొట్టం ముట్టుకోనని మాటిచ్చి, చెయ్యి కట్టుకుని నిలబడి, గడ్డి తడుస్తుంటే చూశాను.”

ఆ మాట వందమంది ముందు, చర్చి విందులో, ఇద్దరూ పంతానికి పోయి ఇచ్చుకున్నది. మొదటి పదిలో వస్తే విమానం, కొట్టం అత్తయ్యవి, మామయ్య చచ్చేదాకా నోరెత్తడు. రాకపోతే విమానం ఆదివారం మా ఊరి హార్లన్ ప్రైస్‌కి అమ్మేస్తాడు, కొట్టంలో గడ్డి పెట్టుకుంటాడు.

“దార్లో పేపరు కొన్నాను,” అన్నాడు మామయ్య. “నలభై ఏడో నంబరు విమానం, పంతొమ్మిదో స్థానం. పంతొమ్మిది వెరొనా! ఇంకా ఈ సరదా ఎందుకు? నువ్వెళ్లే దారిలోనే కదా మన పొలం! ముప్పావు గంటలో దిగిపోవచ్చు. హార్లన్ ఈ సాయంత్రమే వచ్చి చూస్తానన్నాడు.”

“పందెం ఐదింటికి అయిపోతుంది.”

“మధ్యాహ్నానికి మళ్లీ వాన.”

“ఐదింటి దాకా ఆ కొట్టంలో ఒక్క గడ్డిపోచ పెట్టినా ఊరుకోను స్టెఫన్.”

“ఒకసారి మాట నిలబెట్టుకుని నష్టపోయాను. రెండోసారి కూడా నష్టపోవడానికి నేను వెర్రివాణ్ణి కాను. ఇంటికెళ్లగానే ఎక్కిస్తున్నాను.”

ఇద్దరూ అలా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ముప్పై నాలుగేళ్ల కాపురం వాళ్లది. కేకలేసుకున్నప్పుడు నాకెప్పుడూ భయం వెయ్యలేదు. ఇలా ఊరుకున్నప్పుడే వేస్తుంది.

ఎమిల్ మూట విప్పి బల్ల మీద పెట్టాడు. అక్రోటు పప్పు చుట్టిన రొట్టె. అత్తయ్య చూపు తిప్పకుండానే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“ఎవరు చేశారు?”

“హెలెన్ పిన్ని,” అన్నాడు ఎమిల్.

“పంచదార ఎక్కువైంది,” అని లేచి విమానం దగ్గరికి వెళ్లిపోయింది.

ఎమిల్ నన్ను పక్కకి లాగాడు.

“నువ్వైనా చెప్పవే అమ్మకి.”

“ఏమని?”

“చాల్లే అని. పంతొమ్మిది నుంచి పదికి ఒక్క రోజులో ఎలా వస్తారు?”

“నువ్వే చెప్పు.”

“నేను చెబితే తంతుంది.”

“నేను చెబితే ముద్దు పెట్టుకుంటుందా? అసలు నాతో మాట్లాడితేగా!”

ఎమిల్ గొంతు తగ్గించాడు. “నీకు మాత్రం ఏముందే ఇందులో? అది అమ్మ విమానం, అమ్మ పంతం.”

నాకు ఒళ్లు మండింది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి చలికాలం, పట్నంలో పుట్టిన దాన్ని, పేడ ఎత్తి ఎత్తి చేతులు పగిలి కొట్టం వెనక కూర్చుని ఏడుస్తుంటే, అత్తయ్య వచ్చింది. ఓదార్చలేదు. “లేచి ఎక్కు,” అంది. ఆ రోజు మొదటిసారి ఆ ఊరూ ఆ ఇల్లూ పైనుంచి చూశాను. అప్పటి నుంచి వారానికొక గంట. ఆ గంట లేకపోతే నేను ఎప్పుడో పుట్టింటికి పోయేదాన్ని. ఈ సంగతి నా మొగుడికి ఏనాడూ తట్టలేదు.

“ఆ విమానం నాకు కావాలి ఎమిల్,” అన్నాను. “మీ అమ్మకెంత కావాలో నాకూ అంతే కావాలి.”

అతను నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు. మామయ్య ట్రక్కులోంచి హారన్ కొట్టాడు. ఎమిల్ వెళుతూ వెళుతూ, “ఐదింటి దాకా కట్టలు మెల్లగా మోస్తాలే,” అన్నాడు. మా ఆయన ప్రేమ ఇలాగే ఉంటుంది.

అత్తయ్య వెర్రిదేమీ కాదు. ఈ పందెంలో ఎవరు ముందు చేరారన్నది ఎవరికీ అక్కర్లేదు. ఒక్కో విమానానికి దాని బలాన్ని బట్టి ఒక వేగం కట్టి ఇస్తారు. గుడ్డ రెక్కల మా ముసలిదానికి గంటకి నూట పదిహేడు మైళ్లు. ఎవరు తమ అంకెని ఎక్కువ మించితే వాళ్లది గెలుపు. నేల మీద ఎంతసేపు కూర్చున్నా ఆ సమయం లెక్కలోకి రాదు. పొద్దున ఎగిరినవాళ్లందరికీ గాలి ఎదురు. వాన దాటిపోతే గాలి తిరిగి, పడమటి నుంచి వీస్తూ వెనకనుంచి తోస్తుంది. ఆవిడ దానికోసం కాచుకుంది.

పది దాటాక వాన వచ్చింది. రేకుల పైకప్పు మీద గంటసేపు వాయించి పోయింది. మైదానం చివర గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి ఒక్కసారి వేలాడిపోయి, తర్వాత మెల్లగా లేచి తూర్పుకి తిరిగింది. నాకు గంతెయ్యాలనిపించింది. అత్తయ్య మాత్రం వాతావరణం ఆఫీసుకి ఫోన్ చేసి వచ్చి కూర్చుంది.

“కొండల మీద మబ్బు దిగుంది. దారి మూసుకుపోయింది,” అంది గోడతో. “రెండింటికి బయల్దేరినా సరిపోతుంది.”

గోడ గడియారం చూసింది. తన చేతి వాచీ చూసుకుంది. రెండూ ఒకే మాట చెప్పాయి. నేను తల ఊపాను. కాగితం మీద లెక్క కట్టింది ఆవిడే. నాకు చూపించలేదు, నేను అడగలేదు. అలా ఇద్దరం బిగుసుక్కూర్చున్నాం.

ఒంటిగంట కావస్తుండగా ఊరికే కూర్చోలేక అట్లాంటిక్ సిటీ హోటల్‌కి ఫోన్ చేశాను. మేం రావడం ఆలస్యమైతే మా గది ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని.

“ఒహాయో నుంచి మాట్లాడుతున్నాం. ఐదింటికల్లా వచ్చేస్తాం. గది ఉంచండి,” అన్నాను.

“ఇంకా ఒహాయోలోనే ఉన్నారా అమ్మా? ఇంతసేపటికి బయల్దేరి ఉండాలే! ఇక్కడ రెండు కావస్తోంది,” అన్నాడు అవతలి మనిషి.

“రెండేంటి? ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుంది.”

“మా గోడ మీద ఒంటిగంటా యాభై నిమిషాలమ్మా.”

ఫోను పెట్టేశాను.

ఎండాకాలం రాగానే పట్నాలవాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకి తిప్పుకుంటారు. మా మామయ్య తిప్పడు. పొదుగు ఎప్పుడు నిండాలో ఆవుకి ప్రభుత్వం చెప్పక్కర్లేదంటాడు. మా ఇంట్లో గడియారాలన్నీ ఏడాది పొడుగునా ఆవుల టైమే. అత్తయ్య వాచీ కూడా. ఈ ఊరివాళ్లూ తిప్పుకోలేదు కాబట్టి గోడ గడియారం ఆవిడకి వంత పాడింది. మొదటి మూడు రోజులూ పొద్దు కుంకేలోపు దిగడమే కదా, తేడా తెలియలేదు. ఐదింటి గీత మాత్రం సముద్రం ఒడ్డు గడియారం ప్రకారం. అంటే ఆవులకి నాలుగు.

పరుగెత్తాను. అత్తయ్య వంగి చక్రం గాలి చూస్తోంది.

“అత్తయ్యా, మీ వాచీ తప్పు.”

“ఆ పిల్లకి చెప్పు,” అంది చక్రంతో, “ఈ వాచీ ఇరవై ఏళ్లుగా ఒక్క నిమిషం అటూ ఇటూ పోలేదని.”

“ఆవులకి సరిగ్గానే ఉంది! అట్లాంటిక్ సిటీలో ఇప్పుడు రెండు! గంట ముందుకి తిప్పుకున్నారు వాళ్లు!”

ఆవిడ లేచి నిలబడింది. యాభై ఏడేళ్ల మనిషి, ఆవిడకి అంత వయసుందని నాకు అప్పుడే కనిపించింది. వాచీ కేసి చూసింది, నా కేసి చూసింది.

“ఎంతసేపుంది?” అంది. నాతోనే అంది.

“మూడు గంటల ఎనిమిది నిమిషాలు.”

“గాలి లేకపోతే మనకి పట్టేది?”

“మూడూ ఇరవై.”

“కొండలు?”

“మూసే ఉన్నాయన్నారుగా.”

“ఇంతసేపూ నాకెందుకు చెప్పలేదే నువ్వు? గడియారం సంగతి నీకు తట్టలేదూ? పట్నం పిల్లవి కదా!”

“మీరు లెక్క చూపిస్తేగా! నాతో నోరు విప్పితేగా!”

ఆవిడ విమానం తలుపు తెరిచింది. “సరే, తర్వాత తిట్టుకుందాం. నోరీన్, ఎక్కు.”

రెండు రోజుల్లో నా పేరు వినడం అదే మొదలు.

సముద్రం ఒడ్డు గడియారం ప్రకారం రెండూ మూడుకి జేన్స్‌విల్ గీత మీదుగా, పూర్తి వేగంతో, కుడివైపుగానే దూసుకుపోయాం. గాలి నిజంగానే వెనకనుంచి తోస్తోంది. కింద రోడ్లు చకచకా వెనక్కిపోతున్నాయి. నేను పటం మీద వేలు పెట్టి ఊరి తర్వాత ఊరు చెబుతున్నాను, ఆవిడ వింటోంది. పటం అంచున రాసే పెన్సిలు సీటు కిందికి దొర్లిపోయింది. ఎవరం తియ్యలేదు.

కొంతసేపటికి మా పొలం వచ్చింది.

ఎర్ర కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడ్డి బండి సగం లోపలికి, సగం బయటికి. విమానం నిలబెట్టే చోటనే. పైన ఎవరో కట్టలు అందిస్తున్నారు, కింద ఎవరో అందుకుంటున్నారు. కిందవాడు ఆగి చెయ్యి ఊపాడు, ఎమిల్. పైన ఉన్నాయన తల ఎత్తలేదు.

“ఎక్కించేస్తున్నాడు,” అంది అత్తయ్య.

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది. ఇరవై మూడేళ్ల కింద ఆ కొట్టం దూలాలు తనే పట్టుకుని నిలబడితే మామయ్య మేకులు కొట్టాడని ఎన్నిసార్లు చెప్పిందో.

“దిగుతారా?” అన్నాను. అడగక తప్పలేదు.

“నీకేమైనా పిచ్చా?” అని వేగం పెంచే మీట ముందుకి నెట్టింది.

కొండలు మేం అనుకున్న దానికంటే ముందే ఎదురయ్యాయి. శిఖరాలు లేవు. బూడిదరంగు మబ్బు కొండల నడుం దాకా దిగి కూర్చుంది. మబ్బులో దూరకూడదు. నేల కనిపిస్తూ ఉండాలి, అది పందెం రూలు. బతికుండాలన్నా అదే రూలు. దక్షిణంగా చుట్టి పోతే ఇరవై నిమిషాలు. మా దగ్గర ఇరవై నిమిషాలు లేవు.

ఎదురుగా కొండలో రెండు సందులు కనిపించాయి. ఎడమ సందులోకి రైలుపట్టాలు పోతున్నాయి.

“పట్టాల వెంట పోదాం. రైలు కొండెక్కదు కదా,” అంది అత్తయ్య, విమానం ఎడమకి వంచుతూ.

నేను పటం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. పట్టాల గీత మధ్యలో ఒకచోట చుక్కలుగా మారింది.

“వద్దు! అత్తయ్యా, అక్కడ సొరంగం ఉంది! పట్టాలు కొండలోకి పోతాయి!”

“నిజంగానా?”

“కుడి సందు! నది అటే ఉంది. నీళ్లకి సొరంగాలుండవు.”

రెండు రోజుల కింద గీత తప్పిన మనిషి మాట అది. ఆవిడ నా కేసి చూడను కూడా చూడలేదు. కుడికి తిప్పేసింది.

సందులో ఇరువైపులా చెట్లు, పైన మబ్బు, కింద వాన నీళ్లతో గోధుమరంగు నది. రెక్కలు దడదడ కొట్టుకున్నాయి. నా ఒళ్లోని పటం ఎగిరి అత్తయ్య మొహం మీద పడితే లాక్కున్నాను. “ఎడమ, ఇప్పుడు కొంచెం కుడి, ఇంకొంచెం,” అని నేను అరుస్తున్నాను, ఆవిడ తిప్పుతోంది. అలా ఎంతసేపు పోయామో నాకు తెలియదు. ఏడు నిమిషాలట, తర్వాత లెక్క చూస్తే.

ఉన్నట్టుండి కొండ అయిపోయింది. ఎండ, పచ్చటి పొలాలు, గుమ్మటాల ధాన్యపు గాదెలు. అత్తయ్య పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది.

“వేగం చూడు!” అంది.

రెండు ఊళ్ల మధ్య దూరం పటం మీద కొలిచాను. పదహారు మైళ్లు. వాచీలో ఆరు నిమిషాలు. గంటకి నూట అరవై. ఆ ముసలి గుడ్డ రెక్కల విమానం పుట్టిన తర్వాత అంత వేగం ఎన్నడూ పోలేదు.

“వస్తాం అత్తయ్యా! వచ్చేస్తాం!”

“నోటితో అనకు. ముందు రానీ.”

నాలుగూ ముప్పై ఎనిమిదికి పైన్ చెట్ల అడవి, దాని అవతల పొగలా సముద్రం. ఎండ ఆ పొగ మీద పడి కళ్లు చెదురుతున్నాయి. అత్తయ్య రెండుసార్లు కళ్లు నులుముకుంది. తర్వాత పిడి మీదనుంచి చేతులు తీసేసింది.

“నువ్వు తీసుకో.”

“నేనా? ఇప్పుడా?”

“ఈ పొగలో తెల్లగుడ్డ నాకు కనపడదు. నీకు కనపడుతుంది.”

“మళ్లీ తప్పితే?”

“తప్పితే తప్పుతావు. ఇవాళ దాటకపోతే ఇక జన్మలో దాటలేవు. పట్టుకో!”

పట్టుకున్నాను. మైదానం కనిపించింది. దానికి అడ్డంగా సన్నటి తెల్ల చార, దాని చివర రెండు చుక్కలు, స్టాప్‌వాచీల ఆడవాళ్లు. నేను ముక్కు కిందికి దించి వేగం మొత్తం పెంచాను.

“కుడివైపుగా,” అంది అత్తయ్య.

“తెలుసు.”

“వాళ్లకి కుడివైపు. మనకి కాదు.”

“తెలుసు!”

“అమరిల్లోలో కూడా తెలుసన్నావు...”

“అత్తయ్యా, నోరు ముయ్యండి!”

ఆవిడ నోరు మూసుకుంది. దేవుడి మీద ఒట్టు, నిజంగా మూసుకుంది. తెల్లగుడ్డ మా చక్రాల కిందినుంచి కొరడా దెబ్బలా పోయింది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ కుడివైపుగా దూసుకుపోతున్న మాకేసి చేతులెత్తి గంతులేశారు. నాలుగూ యాభై రెండు.

నేలకి దిగి ఆగాక ఇద్దరం చాలాసేపు సీట్లలోంచి లేవలేదు. ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. అత్తయ్య నా మోకాలి మీద ఒక్కటి చరిచింది, నొప్పి పుట్టేట్టు.

“నాకు నోరు ముయ్యమని చెప్పిన కోడలివి నువ్వొక్కదానివే,” అంది.

“మీకున్న కోడలిని నేనొక్కదాన్నే.”

“అందుకే బతికిపోయావు.”

మర్నాడు మధ్యాహ్నం విందులో ఫలితాలు చదివారు. పదో స్థానం నుంచి పైకి. పదో పేరు మాది కాదు. తొమ్మిది కాదు. ఎనిమిది కాదు. అత్తయ్య చేతిరుమాలు మడుస్తోంది, విప్పుతోంది, మళ్లీ మడుస్తోంది. ఐదో పేరు దాటాక నాకు ఆశ చచ్చిపోయింది. గాలి అందరికంటే మాకే బాగా కలిసొచ్చిన మాట నిజం, కానీ అమరిల్లో నాలుగు నిమిషాలు ఎక్కడికి పోతాయి? నాలుగో పేరు చదివారు. అదీ మాది కాదు.

“మూడో స్థానం. నలభై ఏడో నంబరు. వెరొనా కొవాలిక్, నోరీన్ కొవాలిక్.”

నేను కుర్చీ పడగొట్టి లేచాను. నూట ఇరవై మంది ఆడవాళ్లు బల్లలు బాదుతున్నారు. నేను అత్తయ్య మెడ పట్టుకుని ఏడుస్తున్నాను.

“మూడా?” అంది అత్తయ్య నా భుజం మీదుగా, గట్టిగా. “మూడేంటి? మళ్లీ కూడమను!”

హాలంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. వేదిక ఎక్కి కప్పు తీసుకుంటున్నప్పుడు చూశాను, గడ్డం వణుకుతోంది.

హోటల్ వసారాలో ఫోను. వినడానికి ఒక్కటే గొట్టం, ఇద్దరం చెవులు ఆనించుకున్నాం. మా ఊళ్లో ఒకే తీగ మీద పది ఇళ్లు. ఎవరికి గంట మోగినా అందరూ ఎత్తుతారు.

“ఎవరది? వెరొనాయేనా? ఎన్నోది వచ్చారు?” అంది ఒక ఆడగొంతు.

“పెట్టెయ్ ఆగ్నెస్. మా ఇంటికి చేశాను.”

“పెట్టేస్తా గానీ, ఎన్నోది?”

“మూడు.”

“మూడట!” అని ఆగ్నెస్ కేక. వెంటనే ఇంకో గొంతు, ఇంకో గొంతు, మూడట, మూడట అంటూ తీగంతా గోల. అందులోంచి ఒక మగగొంతు దగ్గి సర్దుకుంది.

“నేను హార్లన్ ప్రైస్‌ని. స్టెఫన్, ఉన్నావా? నేను వేరే విమానం చూసుకుంటాలే. ఏమనుకోకు.”

తీగ మీద అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. మామయ్య ఊపిరి వినిపిస్తోంది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

“కొట్టం నిండిపోయింది,” అన్నాడు మామయ్య చివరికి.

“చూశాను.”

“నాలుగు వందల కట్టలు వెరొనా.”

“మాట నీది.”

“నా మాటే. కాదన్నానా? ఎమిల్ పొద్దుటి నుంచి వాటిని బయటికి దించుతున్నాడు. ఫలితం తెలియకముందే. వద్దంటే వినలేదు వెధవ.”

నేను గోడకి ఆనుకున్నాను. మెల్లగా మోస్తానన్న మనిషి దించడం కూడా మొదలుపెట్టాడా! నాకు అప్పటికప్పుడు ఇంటికి ఎగిరిపోవాలనిపించింది.

“వచ్చే ఏడాది ఈ పందెం ఎప్పుడు?” అన్నాడు మామయ్య.

అత్తయ్య నా కేసి చూసింది. “ఎందుకు?”

“ఎందుకేంటి? రెండో కోత దానికి ముందు పెట్టుకోవాలా, తర్వాతా? నాకు తెలియొద్దూ?”

ముప్పై నాలుగేళ్లలో ఆయన తన కోతని ఎవరికోసమూ ముందుకీ వెనక్కీ జరపలేదు. ఎమిల్ పుట్టిన రోజున కూడా జరపలేదు. అత్తయ్య కళ్లనుంచి నీళ్లు జారిపోతుంటే తుడుచుకోలేదు.

“జూలై మొదటి వారం,” అంది.

“సరే. జూన్ ఆఖరుకి కోసేస్తాను. ఒక్క సంగతి ఇప్పుడే తేల్చండి, నాకు మళ్లీ ఇంట్లో గొడవలు వద్దు. ఎడమ సీట్లో కూర్చుని నడిపేదెవరు?”

“నేనే,” అన్నాం ఇద్దరం, ఒక్కసారే.

అత్తయ్య మెల్లగా గొట్టం మీదనుంచి చెవి తీసి నా కేసి తిరిగింది. తీగ మీద పది ఇళ్లూ కిక్కురుమనకుండా వింటున్నాయి.